ప్రపంచ విషయమును ఇంటి గడపయొద్ద వెదకుట
(వార్షిక మహాసభ విద్యాగోష్ఠియందు చదివిన యుపన్యాసము)



ఈ మహాసభయందు వృత్తిని గూర్చియు, సహకార సంఘములను గూర్చియు, విద్యార్థి వసతిగృహపు నిధిని గూర్చియు మాటలాడుటకు మాకంటె సమర్థులు పెక్కుమంది యున్నారు. మాకు నియమింపబడిన విషయము చూపునకు చిన్నది. పాఠశాలలో మన పిల్లలకు ప్రాజెక్టు పని యని యొకటి యిత్తురు గదా. అందులకై ప్రపంచమున కంతకును సంబంధించిన విషయము నొకదానిని ఎన్నుకొనుమని యుపాధ్యాయులు చెప్పుచున్నారు. దాని నెట్లెన్నుకొనవలెను? ఇదియే మా ప్రసంగము. చిన్నదని త్రోసివేయదగినది కాదని మనవి చేయుటకే నిలిచినాము.

ఇప్పుడు జరుగుచున్నదేమి? సోమవారము ప్రాజెక్టు నప్పగింపవలెను. ఆదివారము రాత్రి పిల్లవాడు తండ్రికి చెప్పును. తండ్రి సెల్లు ఫోనులో వెదకి, భూతాపమనియో, ప్లాస్టిక్కు కాలుష్యమనియో యొక పేరు చెప్పును. తల్లి పుస్తకముల దుకాణమునకు పోయి సిద్ధముగా నున్న బొమ్మల చార్టును, అట్టముక్కలను కొనితెచ్చును. అక్క రంగు కలములతో శీర్షిక వ్రాయును. ఇంటిల్లిపాదియు ప్రాజెక్టు చేయుదురు, ఆ పిల్లవాడొక్కడు తప్ప. మా విద్యోపసంఘమువారు వసతిగృహములోని పిల్లల పనులను చూచినప్పుడు, కరగుచున్న మంచుగడ్డపై నిలిచిన తెల్లని యెలుగుబంటి యెన్ని చార్టులపై దర్శనమిచ్చెనో చెప్పజాలము. ఆ జంతువుపై మాకు ద్వేషము లేదు. భూతాపము నిజమైన యుపద్రవమే. కాని ఎలుగుబంటి నివసించు సముద్రము పేరేమని యడుగగా, ఒక్కరును చెప్పలేదు. అదే పిల్లలను మీ యింట పడుగు ఎన్ని గజములు, దానికి నూలెక్కడనుండి వచ్చునని యడుగగా కొందరు తలలు వంచుకొనిరి. తెలియక వంచుకొన్న తలలు కావవి. బాగుగా తెలిసి, పదిమందిలో చెప్పుటకు సిగ్గుపడి వంచుకొన్నవి. మా మనస్సునకు తగిలినది ఆ సిగ్గే. పాఠశాల పత్రములో తండ్రి వృత్తియను గడిలో 'వ్యాపారము' అని వ్రాయు నేతగాని బిడ్డలను మీరందరు నెరుగుదురు.

ప్రాజెక్టు పద్ధతి నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికాలో కిల్పాట్రిక్కను విద్యావేత్త 1918 లో దీనిని వివరించి వ్యాసము వ్రాసెను. పిల్లవాడు తనకై తాను పూనుకొని, మనసుపెట్టి చేసిన పనియందే విద్య యలవడునని యాయన వాదము. మన దేశమున 1937 లో వార్ధాలో జరిగిన విద్యా సభలో గాంధీ మహాత్ముడు చేతిపని నాధారముగా జేసికొని చదువు చెప్పవలెనని ప్రతిపాదించెను. ఆ చేతిపనులలో మొదట పేర్కొనబడినవి రాట్నమును, మగ్గమునే గదా! ఇక 2015 లో ఐక్యరాజ్యసమితి సభ్యదేశములు 193 కూడి, 2030 నాటికి సాధింపదగిన పదునేడు లక్ష్యములను నిర్ణయించినవి. దారిద్ర్య నిర్మూలనము, శుభ్రమైన నీరు, స్త్రీపురుష సమానత్వము, గౌరవప్రదమైన పని, వాతావరణ రక్షణము మొదలగునవి యందున్నవి. నేటి యుపాధ్యాయులు ప్రపంచ విషయమనగా తరచుగా నీ పట్టికనే చూపుదురు. పట్టిక మంచిదే. అయితే అది వంటలపేరుల పట్టికవంటిది. ఆకలి యెవరిదో వారే తెలిసికొనవలెను.

మా యభిప్రాయము దాచక చెప్పెదము. ఏ విషయపు కొన యొకటి పిల్లవాని యింటిలో నుండి, రెండవకొన సముద్రముల కావల నుండునో, అదియే వానికి తగిన ప్రపంచ విషయము. రైతుబిడ్డకు నీరు కావచ్చును, జాలరిబిడ్డకు సముద్రము కావచ్చును. మన పిల్లలకు వెదకనక్కరలేని విషయము, గుడ్డ. ఇంతకంటె ప్రపంచమంతటను వ్యాపించినది మఱొకటి కలదా?

పోచంపల్లి చిటికి పనిని తీసికొనుడు. నూలును కట్లు కట్టి, రంగులో ముంచి, విప్పి, మరల కట్టి, నేయకముందే నూలుమీద బొమ్మను నిలుపు నీ విద్యను లోకమంతయు 'ఇకత్' అనుచున్నది. ఆ మాట తెలుగు కాదు, సంస్కృతము కాదు. కట్టుట యను నర్థముగల మలయుభాషా పదము. ఇండోనేషియాలో నిదే పని యున్నది. జపానువారు దీనిని 'కసూరి' యందురు. ఉజ్బెకిస్థానములో పట్టుమీదను, మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో నూలుమీదను చేయుదురు. పడుగును పేకను రెండింటిని కట్టి రంగువేసి, నేతలో బొమ్మకు బొమ్మ కలియునట్లు చేయు కష్టతరమైన పద్ధతి మాత్రము గుజరాతులోని పాటను పటోలా, మన తేలియా రుమాలు, బాలిద్వీపములోని తెంగనాను గ్రామపు వస్త్రము, జపాను దేశపు కొన్ని నేతలు, ఇట్టి కొద్దిచోట్లనే నిలిచినది. ఏడవ తరగతి పిల్ల యొకతె ప్రపంచపటముమీద నీ యూరులను గుర్తించి, ఒక్కొక్కచోట కట్టుటకు వాడు నారయేదో, రంగేదో ప్రక్కన వ్రాసినయెడల, దానిని మించిన భూగోళపాఠమును మే మెరుగము.

తేలియా రుమాలు మాట వచ్చినది గనుక మఱికొంత చెప్పక తప్పదు. ఆముదపు కాయల బూడిదతోను నూనెతోను నూలును పలుమారులు పదునుచేసి, ఎర్రరంగు పట్టించి నేసిన యీ రుమాళ్లు చీరాలనుండి ఓడలెక్కి అరబ్బు దేశములకు పోయినవి. ఎండదేశపు జనులు తలకు చుట్టుకొనుట కవి యనుకూలములైనవి. పుట్టపాక తేలియా రుమాలునకు 2020 లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ యెర్రరంగు వెనుక నింకొక చరిత్ర కలదు. పూర్వము చెట్ల వేళ్లనుండి తీసెడి యెరుపును 1868 లో జర్మనీలో ఇద్దరు రసాయనజ్ఞులు ప్రయోగశాలలో తయారుచేసిరి. 1897 లో నీలిమందునకును అదే గతి పట్టెను. జర్మను కంపెనీ కృత్రిమ నీలిని అమ్మకమునకు పెట్టిన కొన్ని సంవత్సరములకే మన నీలితోటలు మూలబడినవి. ఒక్క రుమాలు అంచు పట్టుకొని లాగిన, రసాయనశాస్త్రము వచ్చును, చరిత్ర వచ్చును, అరబ్బీ సముద్రము వచ్చును.

మన కులమునకు ప్రపంచ సంబంధము క్రొత్తది కాదని చూపుటకు మచిలీపట్టణము చాలును. ఆ రేవునందు ఆంగ్లేయులు 1611 లో వర్తకస్థానమును నెలకొల్పిరి. వారికంటె ముందే హాలెండువారు వచ్చియుండిరి. మన తీరపు అద్దకపు వస్త్రములు యూరపులో నెంత వెర్రి పుట్టించినవనగా, తమ నేతగాండ్ర బ్రతుకు పోవుచున్నదని ఫ్రాన్సువారు 1686 లో వానిని నిషేధించిరి; ఇంగ్లండులో 1700 లో నొక చట్టము, 1721 లో మఱి కఠినమైన చట్టము చేసిరి. అనగా, పరదేశపు చవుక గుడ్డ వచ్చి మా మగ్గములు మూలబడినవని మొదట మొరపెట్టినవారు వారు. తరువాత లాంకషైరు మిల్లుల కాలమున మొరపెట్టినవారము మనము. ఈ రెండు మొరలను ఎదురెదురుగా నుంచి చదువు పిల్లవానికి, వాణిజ్యమనునది ఎట్టిదో పెద్ద గ్రంథములు చెప్పనక్కరలేదు.

ఇంకొక చిన్న ముచ్చట. భావనాఋషి పద్మతంతువులతో వస్త్రము నేసెనని మన యిండ్లలో చెప్పుకొందురు గదా. తామరకాడనుండి నారతీసి గుడ్డనేయుట పురాణమునకే పరిమితమని మన విద్యావంతులు నవ్వుదురు. బర్మాదేశమున ఇన్లే సరస్సు తీరమున స్త్రీలు నేటికిని తామరకాడలను విరిచి, సాలెగూటివంటి దారములను లాగి, పేని, నేయుచున్నారు. పిల్లలు దీనిని తప్పక వెదకి చూడవలెను, తాతలకు చూపవలెను.

ఇంతవరకు చెప్పినది వినుటకు సొంపైనది. పిల్లలచేత సొంపైన భాగమునే చేయించి పంపివేయుట మాకు సమ్మతము కాదు.

గుడ్డ ప్రపంచమునకు చేసిన చేటును గూడ వారు చూడవలెను. మధ్య ఆసియాలోని అరాల్ సముద్రము ఒకప్పుడు లోకములో నాల్గవ పెద్ద సరస్సు. 1960 ప్రాంతమునుండి సోవియట్టు ప్రభుత్వమువారు దానిలో కలియు ఆమూ దర్యా, సిర్ దర్యా నదుల నీటిని పత్తిచేలకు మరలించిరి. 2007 నాటికి సరస్సు పూర్వపు వైశాల్యములో సుమారు పదవవంతునకు కుంచించుకొనిపోయెను. మొయినాకు అనెడి రేవుపట్టణమున పడవలు ఇసుకలో త్రుప్పుపట్టి నిలిచినవి. ఉత్తరభాగమున కజకిస్థానమువారు 2005 లో ఆనకట్ట కట్టగా అంతమేర నీరును చేపలును కొంత తిరిగివచ్చినవి. ఆ ప్రాంతమున ఉజ్బెకిస్థానములో పత్తి యేరు కాలమున ఎన్నో యేండ్లు పాఠశాల పిల్లలనే చేలకు తోలుకొనిపోయిరి. విదేశపు కంపెనీలు పెక్కు ఆ పత్తిని బహిష్కరించెను. అచ్చటి వ్యవస్థీకృతమైన బలవంతపు పని అంతరించినదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022 లో ప్రకటించినది. ఈ కథ పరాయిదని యనుకొందుమా? మన కర్నూలు, మహబూబునగరు ప్రాంతముల సంకరపత్తి విత్తన క్షేత్రములలో 1990 ల చివరను, 2000 ల మొదటను ఆడపిల్లలు బడిమాని పూవు పూవునకు పుప్పొడి యద్దినవారే. అరాల్ సరస్సును గూర్చి వ్రాయు పిల్ల ఆ చెల్లెండ్రను గూర్చియు నొక పుట వ్రాయవలెను.

2013 ఏప్రిలు 24వ తేదీన బంగ్లాదేశమున ఢాకాకు సమీపముననున్న సవారులో రాణా ప్లాజా యను మేడ కూలి 1,134 మంది మరణించిరి. అందులో నున్నవి విదేశపు దుకాణములకు దుస్తులు కుట్టు కర్మాగారములు. ముందునాడే గోడలు బీటలువారినవి. క్రింది యంతస్తులోని బ్యాంకువారు తమ యుద్యోగులను పంపివేసిరి. కుట్టుపనివారిని మాత్రము మరునాడు రమ్మనిరి. చచ్చినవారిలో ఎక్కువమంది స్త్రీలు. పిల్లలచేత నిట్టివి వ్రాయింపవచ్చునాయని కొందరు సందేహింతురు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు వ్రాయింపవచ్చునని మా నిశ్చితాభిప్రాయము. చొక్కా యంత చవుకగా నెట్లు వచ్చినదని యడుగ నేర్వనివాడు, తన తండ్రి మజూరి యంత తక్కువ యేలనని యెన్నడును అడుగనేరడు.

ఆ ప్రశ్న ఇంటికిని వచ్చును. రానిండు. నేతపని, తదనుబంధపు పని చేయువారు దేశమున 35 లక్షలకు పైబడియున్నారనియు, వారిలో నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలనియు 2019-20 నాటి చేనేత గణన తెలుపుచున్నది. అయినను మన యిండ్లలో 'నేతగాడు' అనిన మగవాడే మనసున మెదలును. కండెలు చుట్టునది, ఆసు పోయునది, గంజి పట్టించునది యెవరు? ఎనిమిదవ తరగతి పిల్ల యొకతె యొక వారముపాటు తల్లి చేసిన పనిని గంటలవారీగా వ్రాసి, దానికి ముట్టిన పైకమును ప్రక్కన వ్రాసినచో, ఐక్యరాజ్యసమితివారి యైదవ లక్ష్యమగు స్త్రీపురుష సమానత్వము ఆ యొక్క కాగితమున నుండును.

ఇట్టి చూపునకు మన కులమునందే సాక్షి యున్నాడు. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశముగారు ఆరవ తరగతితో చదువు మానినవారు. చీరకు ఆసు పోయుటలో తల్లి చేయి వేలమారులు అటునిటు తిరిగి భుజము నొప్పిచే బాధపడుట చూచి, ఏండ్ల తరబడి పాటుపడి 1999 నాటికి ఆసు యంత్రమును సిద్ధముచేసి, దానికి తల్లి లక్ష్మి పేరు పెట్టినారు. 2017 లో పద్మశ్రీ లభించినది. ఆయనకు ప్రాజెక్టు విషయము నెవ్వరు నిచ్చిరి? తల్లి భుజమే యిచ్చినది.

యంత్రములయందు మక్కువగల పిల్లలకు మగ్గముకంటె మంచి గురువు లేదు. తాడులాగిన నాడె తనంతట పరుగెత్తు నేర్పు 1733 లో ఇంగ్లండులో జాన్ కే యను నాతనికి తోచినది. ఇక జాకార్డు పేరును మన యిండ్లలో ముసలమ్మలు గూడ పలుకుదురు. అది ఫ్రాన్సుదేశపు లియాన్ నగరపు నేతగాని కుమారుడగు జోసెఫ్ మరీ జాకార్డు పేరు. 1804 ప్రాంతమున నాతడు చిల్లులుగల అట్టలచేత దారములను లేపు నుపాయమును నెలకొల్పెను. ఆ చిల్లుల అట్టలనే బాబేజి తన గణనయంత్రపు టూహలోనికి గైకొనెను. 1890 లో అమెరికా జనాభా లెక్కలకు హాలరిత్ చిల్లుల అట్టలనే వాడెను. నేడు మన కులపు యువకులు వందలాదిగా కంప్యూటరు కొలువులకు పోవుచున్నారు. మగ్గము దిగి పరాయివిద్యలో ప్రవేశించితిమని వారి భావము. ఆ విద్య మగ్గముమీదనుండియే దిగినదని వారి తమ్ములైన కనుగొందురు గాక.

సోలాపురమునకు, భీవండికి, సూరతునకు వలసపోయిన మనవారి పిల్లలకు వలసయే విషయము కావచ్చును. తాత యే సంవత్సరమున, ఏ బండిలో, ఎందులకు పోయెనో ముసలివారు బ్రతికియుండగనే వ్రాసికొనవలెను. దీనిని గూర్చి విస్తరింపము.

ఇక ప్రశ్నను కుదించుటను గూర్చి. 'ప్రపంచ వస్త్ర పరిశ్రమ' యనునది విషయము కాదు, అరణ్యము. 'మా యింటిలోని పది దుస్తు లెచ్చట పుట్టినవి?' యనునది విషయము. చొక్కా మెడవెనుకనున్న చీటీని చదివి, దేశమును పటమున గుర్తింపవచ్చును. పాఠశాల దుస్తునుండి రెండు పోగులు తీసి, పెద్దల సమక్షమున చిమటాతో పట్టుకొని కాల్చి చూడవచ్చును. నూలైన కాగితమువలె కాలి బూడిదయగును; పాలియెస్టరైన కరగి ముద్దగట్టి గట్టిపూసయగును. పాలియెస్టరు రాతినూనెనుండి పుట్టినదనియు, నేడు లోకములో తయారగు నారలో సగమునకు పైగా నదియేననియు తెలిసిన పిల్లవాడు, మొదట వదలివేసిన భూతాపమును తానే వెదకికొని పోవును. అప్పుడు వాని చార్టుపై ఎలుగుబంటి యున్నను మాకు అభ్యంతరము లేదు.

అంకెల విషయమున జాగ్రత్త యవసరము. కిలో పత్తికి పదివేల లీటర్ల నీరు పట్టునని యెల్లచోట్ల వ్రాయుదురు. అది లోకమంతటికిని కట్టిన సగటు. వాననీరును పారించిన నీరును రెండును కలిపిన లెక్క. ఆదిలాబాదు నల్లరేగడిలో వానకు పండు పత్తియు, ఎడారిలో కాలువ తెచ్చి పండించు పత్తియు నొకటి యెట్లగును? రైతునడిగి తమ యూరి లెక్క తాము వేసికొన్న పిల్లవాడు ఆ పదివేలను వల్లించిన పిల్లవానికంటె నూరురెట్లు మేలు. నేడు యంత్రమే యర నిమిషములో వ్యాసము వ్రాసి యిచ్చుచున్నది. ఇచ్చుగాక, తల్లి పగలంతయు నెన్ని కండెలు చుట్టినదో దానికి తెలియదు.

కొందరు పెద్దలు మాతో ననిరి: "అయ్యా! మగ్గము బాధ తప్పించుటకే పిల్లలను చదివించుచున్నాము. మరల వారిని మగ్గముచుట్టు త్రిప్పెద రేల?" వారి బాధ నిజము. గుంటమగ్గములో కాళ్లు పెట్టి ముప్పదియేండ్లు కూర్చున్నవారి మాటను మే మెట్లు కాదనగలము? కాని పిల్లలను నేతగాండ్రను చేయుమని మేము కోరుటలేదు. వైద్యుడు కానిండు, యింజనీరు కానిండు. ఇంటిని దాచుకొని బ్రతుకవలసిన పని లేకుండ కానిండు.

పోషకులకు మనవి. మీరు ప్రథమశ్రేణి విద్యార్థులకు శాలువలు కప్పుచున్నారు, సంతోషము. ఆ సొమ్ములో కొంత ప్రాజెక్టు చేయు పిల్లల బస్సు ఖర్చులకు కేటాయింపుడు. పోచంపల్లి, పుట్టపాక దూరమేమియు కాదు. మాస్టరు వీవర్లయిన షావుకార్లు ఆదివారము నాడొక పూట తమ షెడ్లు తెరచి, పిల్లల నడుగనిచ్చి, అడిగినదానికి బదులు చెప్పవలెను. ఒక చీరకు నూలెంత, రంగెంత, మజూరి యెంత, దుకాణములో ధర యెంత యని వారడుగుదురు. 1985 నాటి చట్టము ప్రకారము కొన్ని రకములు చేనేతకే కేటాయింపబడి యుండగా, మరమగ్గపు బట్ట చేనేత పేర నమ్ముడుపోవుట యెట్లని గూడ నడుగవచ్చును. ఆ దుకాణములలో కొన్ని మనవారివే యని ఈ సభలో నెరుగని వారు లేరు. పిల్లల ప్రశ్నలకు కోపము తెచ్చుకొనవలదని ప్రార్థన. అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను నున్న మన సోదరులు విరాళములతోబాటు, పిల్లవా డొకడు వ్రాసిన యుత్తరమునకు జవాబు వ్రాయుటకు గంట కాలమును గూడ పంపవలెను. అచ్చటి దుకాణములో చొక్కా యే దేశమునుండి వచ్చినదో, ధర యెంతయో చూచి తెలిపిన చాలును.

పిల్లలు చేసిన పనులను వచ్చు మహాసభలో నొక గదిలో నుంచుటకు కార్యవర్గమువారు స్థల మిత్తుమని చెప్పియున్నారు. కొనితెచ్చిన చార్టుల నందులో నుంచము. పాత తేలియా రుమాలు ముక్కలు, తాతల నాటి కూలి లెక్కల పుస్తకములు, జాకార్డు అట్టలు ఎవరి యింటనైన నున్నచో పిల్లలకు చూచుటకిచ్చి, చూచినపిదప తిరిగి గైకొనవలెనని కోరుచున్నాము.